పలక ఓటమిపై ఏకసభ్య విచారణ

ఆ పొద్దున ఆకాశం నిండా మబ్బు పట్టింది గాని చినుకు రాలలేదు. కురవాలని ఉన్నా పైనుంచి ఉత్తర్వు రానట్టు మబ్బులన్నీ రాజధాని మీద గుంపుగా నిలబడి ఒకదాని మొహం ఒకటి చూసుకుంటున్నాయి. గొడుగు తీసుకోవాలా వద్దా అని బస్సులో కూర్చున్నంతసేపూ ఆలోచించిన చెన్నకేశవులు, దిగాక అది ఇంట్లోనే ఉందని గుర్తొచ్చి, ఆలోచన మానేసి ఆఫీసు మెట్లెక్కాడు.

మెట్ల పైన బోర్డు ఉంది. రాష్ట్ర స్వేచ్ఛా చదరంగ యంత్ర సాధికార మండలి. ఆ బోర్డుకు పూసిన రంగుతో తన ఊరి బడికి రెండు గోడలకైనా వెల్ల వెయ్యొచ్చని రోజూ అనిపించేది కేశవులుకు. ఎవరితోనూ అనలేదు. అతను ఏదైనా ఎవరితోనైనా అనడం తక్కువ.

అతనిది పలకల గనుల ఊరు. నేలలోంచి నల్లబండ తీసి, ఉలితో పొరలు పొరలుగా చీల్చి, చెక్క చట్రం బిగించి దేశం మీదికి పంపిన ఊరు. పిల్లలు పలకలు పట్టడం మానేశాక గనుల్లో నీళ్లు నిలిచాయి. ఆ ఊళ్లో విరిగిన పలక మీద మేకుతో గళ్లు గీసి, గులకరాళ్లను పావులుగా పెట్టుకుని చదరంగం నేర్చినవాళ్లు ఇద్దరు. ఒకడు కేశవులు. జూనియర్ కాలేజీలో లెక్కలు చెప్పాడు. రెండోవాడు ఖాజావలి. బస్టాండు పక్కన సెల్‌ఫోన్లు బాగుచేసే కొట్టు పెట్టాడు. నడివయసు వచ్చాక ఇద్దరూ కలిసి కంప్యూటరుకు చదరంగం నేర్పారు. ఆ ప్రోగ్రాముకు పలక అని పేరు పెట్టారు. తప్పు రాస్తే తుడిచి మళ్లీ రాసుకోవచ్చని ఆ పేరు.

పలకను వాళ్లు అమ్మలేదు. దాన్ని నడిపించే రాత మొత్తం నెట్‌లో పెట్టి, ఎవరైనా తీసుకోండి, ఎట్లాగైనా మార్చుకోండి, మార్చింది బాగుంటే మాకూ చెప్పండి అన్నారు. మొహం తెలియనివాళ్లు చెప్పారు. పోలండులో రిటైరైన ఒక రైల్వే ఆయన గుర్రాల నడక సరిచేశాడు. ఢాకాలో ఒక నర్సమ్మ, పావులన్నీ పోయి రాజులు రెండూ బంట్లు కాసినీ మిగిలినప్పుడు ఏం చెయ్యాలో చెప్పింది. ఇట్లా వచ్చిన మార్పు మంచిదో కాదో తేల్చడానికి ఒకటే పద్ధతి. మార్చిన కొత్త పలకనూ మార్చని పాత పలకనూ ఎదురెదురుగా కూర్చోబెట్టి వేలకు వేల ఆటలు ఆడించాలి. కొత్తది పైచెయ్యి అయితే దాన్ని ఉంచుకుని పాతదాన్ని పక్కన పెట్టాలి. రేపు ఇంకోటి వచ్చి దీన్ని ఓడిస్తే ఇదీ పక్కకు పోతుంది. పలక ఎదిగిందంతా తన చేతిలో తాను ఓడిపోయే ఎదిగింది.

దాని ఆటలో ఒక తెగువ ఉండేది. ఉన్నట్టుండి ఏనుగును తెచ్చి ఎదుటివాడి నోటి దగ్గర పెట్టేది. చూసేవాళ్లు దీనికి మతి పోయిందనుకునేవాళ్లు. ఎదుటివాడు ఆ ఏనుగును తినేసరికి అతని రాజు చుట్టూ దారులన్నీ మూసుకుపోయి ఉండేవి. అది ఖాజావలి బుద్ధి. చిన్నప్పటినుంచీ అంతే వాడు, ముందు ఇచ్చేసి తర్వాత నవ్వేవాడు. కేశవులు దాన్ని లెక్కల్లోకి తర్జుమా చేశాడు.

ఆ ఏడాది రాష్ట్రానికి చదరంగం మీద మోజు పుట్టింది. కూడళ్లలో సిమెంటు గుర్రాలు లేచాయి. ప్రతి ఆఫీసులోనూ సార్ల బల్ల మీద ఒక బోర్డు వెలిసింది, చాలావాటిలో రాజూ మంత్రీ ఒకరి చోట ఒకరు ఉన్నారు. ఆ ఊపులోనే మండలి పుట్టింది. పుట్టగానే, మన మట్టిలో పుట్టిన పలకను మనమే అభివృద్ధి చెయ్యాలని ఇద్దరికీ కబురు పెట్టింది.

"నేను రాను బావా," అన్నాడు ఖాజావలి ఒక ఫోను పొట్ట విప్పుకుంటూ. "ఆఫీసంటే నాకు ఊపిరాడదు."

"ఆడ మూడు గదుల నిండా కంప్యూటర్లుండాయంట వలీ. మనం నెల్లాళ్లు చేసే పరీక్ష వాళ్లు పొద్దున పెట్టి సాయంత్రం తీస్తారు. పలక యాడికో పోతది."

"యాడికో పోతదనే నా దిగులు కూడా."

"వార్షికోత్సవం నాడు పదిమంది ముందర ఆడిస్తారంట. ఎవరి యంత్రమైనా వచ్చి తలపడొచ్చంట. మన పలక ఒక్కసారన్నా స్టేజీ మీద ఆడితే చూడాలని లేదా నీకు?"

ఖాజావలి ఫోనులోకి ఊదాడు. దుమ్ము లేచింది. "ఉంది. అందుకే నువ్వు పో. నేనీడ్నుంచి చూస్తా," అన్నాడు.

కేశవులు వచ్చింది ఆ ఒక్క ఆట కోసం.

మబ్బు పట్టిన ఆ పొద్దున అతని బల్ల మీద ఒక సంజాయిషీ నోటీసు ఉంది. వెంటనే డైరెక్టరు గారి గదికి రమ్మన్నారు. డైరెక్టరు పురుహూతరావు గారు కుర్చీలో వెనక్కి వాలి ఉన్నారు. పక్కన ఆడిట్ అధికారిణి కనకవల్లి గారు నిటారుగా ఉన్నారు. ఆవిడ ముందు కేశవులు పంపిన మొదటి పరీక్షల నివేదిక ఉంది. దాని మీద ఎర్ర సిరాతో గీతలు ఉన్నాయి.

"కేశవులు గారూ, ఇక్కడ ఓటములు అని ఒక గడి కనిపిస్తోంది," అన్నారు కనకవల్లి. "దానిలో సున్నా ఉండవలసిన చోట చాలా పెద్ద సంఖ్య ఉంది. మన యంత్రం ఎవరి చేతిలో ఓడింది?"

"పలక చేతిలోనండి."

"ఏ పలక?"

"కొత్త పలక చేతిలో పాత పలకండి. కొన్నిసార్లు పాతదాని చేతిలో కొత్తది."

"రెండూ మనవేనా?"

"మనవేనండి."

"అంటే ప్రభుత్వ యంత్రం ఓడిపోయింది."

"ప్రభుత్వ యంత్రమే గెలిచింది గదండి."

"గెలవడం దాని విధి. విధి నిర్వహించినందుకు ప్రత్యేకంగా నమోదు అక్కర్లేదు. ఓటమికి బాధ్యులెవరన్నదే ఆడిట్ ప్రశ్న."

పురుహూతరావు గారు కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. "అమ్మా, ఒక సందేహం. ఎన్ని గెలిచిందో సరిగ్గా అన్నే ఓడింది. ఇది యాదృచ్ఛికం కాదు. దీని వెనక ఏదో ఒప్పందం ఉంది."

"ఒకటి గెలిస్తే ఒకటి ఓడాలి గదండీ," అన్నాడు కేశవులు. "ఎదురుగా ఉన్నది కూడా అదే గనక."

"చూశారా, ఒప్పుకుంటున్నారు," అన్నారు కనకవల్లి.

"అట్లా ఓడితేనే అది నేర్చుకునేదండి."

కనకవల్లి గారి ఎర్ర సిరా కలం గాలిలోనే ఆగింది. ప్యూను కూడా తలుపు దగ్గర ఆగిపోయాడు. పురుహూతరావు గారు జాలిగా చూశారు. "కేశవులు గారూ, మీరు గ్రామీణ నేపథ్యం నుంచి వచ్చారు కాబట్టి ఈ మాట క్షమిస్తున్నాను. ప్రభుత్వ నిధులతో ఓడిపోవడం నేర్చుకుంటున్నామని శాసనసభలో ఎలా చెప్పుకోవాలి?"

ఆ సాయంత్రమే విచారణకు ఉత్తర్వు వెలువడింది. విచారణ అధికారిగా త్రివిక్రమరావు గారిని వేశారు. ఆయన ఉద్యోగకాలమంతా బియ్యం గోదాముల్లో ఎలుకలు తిన్న తరుగుకు బాధ్యులను తేల్చినవారు. చదరంగం తెలియదు. తెలియనివారైతేనే నిష్పాక్షికంగా ఉంటారని ఉత్తర్వులోనే రాశారు.

త్రివిక్రమరావు గారు మొదట పాత పలకను సస్పెండు చేయించారు. విచారణ తేలేదాకా అది ఏ ఆటా ఆడకూడదు, ఊరు వదిలి వెళ్లకూడదు. సస్పెన్షనులో ఉన్నవారికి సగం జీతం జీవనభృతిగా ఇవ్వాలి కనుక, పాత పలక ఉన్న కంప్యూటరుకు సగం కరెంటు ఇమ్మన్నారు. సగం కరెంటు ఎట్లా ఇవ్వాలో ఎలక్ట్రీషియనుకు తెలియలేదు. రోజు మార్చి రోజు స్విచ్చి వెయ్యడం మొదలుపెట్టాడు. దాన్ని సరైన వ్యాఖ్యానంగా మండలి ఆమోదించింది.

తర్వాత కేశవులును ఎదురుగా కూర్చోబెట్టుకుని ఒక ఆట మొదటినుంచి చూపించమన్నారు. చూసినంతసేపూ ఆయన వేళ్ల మీద లెక్క పెట్టుకున్నారు.

"ప్రారంభ నిల్వ, మన వైపు పదహారు. అవునా?"

"అవునండి."

"ముగింపు నిల్వ ఐదు. మిగతావి ఏమయ్యాయి?"

"చచ్చిపోయాయండి."

"పంచనామా జరిగిందా?"

"లేదండి."

"ఈ ఏనుగు సంగతేమిటి? దీన్ని ఎవరూ పట్టుకోలేదు. మనమే తీసుకెళ్లి వాళ్ల ముందు పెట్టాం. ఎవరి అనుమతితో?"

"ఆ ఏనుగునిచ్చాకే వాళ్ల రాజు దొరికాడండి."

"రాజు సంగతి వేరే ఫైలు. నేను అడిగేది ఏనుగు. నా సర్వీసులో గోదాము మేనేజర్లు బస్తా పోయిందని చెప్పారు, ఎలుక తిన్నదని చెప్పారు, తడిసిందని చెప్పారు. ఎలుకను పిలిచి బస్తా ఇచ్చామని చెప్పినవాడు ఒక్కడు లేడు. మీరే మొదలు."

విచారణ నివేదిక లావుగా వచ్చింది. సారాంశం పొట్టిగానే ఉంది. పలక ఓటమికి మూలం పావుల తరుగు. కనుక ఇకమీదట ముందస్తు రాతపూర్వక అనుమతి లేకుండా పలక ఏ పావునూ ఇవ్వరాదు. ఎదుటివారు ఇచ్చినవి తీసుకోవచ్చు, నిల్వ పెరగడానికి అభ్యంతరం లేదు. గౌరవ మంత్రిని యుద్ధరంగంలోకి పంపడం మర్యాద కాదు. కొత్త పలక పాత పలకను ఓడించడం సీనియారిటీని అతిక్రమించడం. కనుక పాతదాన్ని ఓడించని మార్పును మాత్రమే అభివృద్ధిగా పరిగణించాలి. పాతదాని చేతిలో ఓడినా కుదరదు, అది అసమర్థత. రెండూ సమానంగా ఉండాలి.

కేశవులు ఆ మధ్యాహ్నం క్యాంటీను వెనక నిలబడి ఖాజావలికి ఫోను చేశాడు. అంతా చెప్పాడు. అవతల స్క్రూడ్రైవరు కింద పెట్టిన చప్పుడు వినిపించింది.

"ఏనుగునియ్యొద్దన్నారా?"

"ఆ."

"నువ్వేమన్నావు?"

"నేనేమంటా. వార్షికోత్సవం దాకా ఓర్చుకుంటే చాలు. ఆ రోజు స్టేజీ మీద పలక ఉండాలి గదా వలీ. నేను లేచొచ్చేస్తే అదీ లేదు."

"స్టేజీ మీద పలక ఉంటదా బావా? పలక పేరు పెట్టుకుని ఇంకేదన్నా ఉంటదా?"

"రూలది. నేనేం చేసేది."

"రూలు నీకు. దాన్నెందుకు కట్టేస్తావు?" అని ఖాజావలి వెంటనే, "కొట్టు ముందర జనం ఉండారు, పెట్టేస్తుండా," అన్నాడు. ఆ తర్వాత కేశవులు చేసిన ఫోన్లు అతను ఎత్తలేదు.

కేశవులు రూలు ప్రకారం పలకను మార్చాడు. చేతకాక కాదు, చేతనై చేశాడు. అదే అతన్ని ఎక్కువ బాధపెట్టింది. రోజుకొకటి తీసేస్తూ పోయాడు. ముందు ఏనుగు తెగువ పోయింది. తర్వాత మంత్రి ఇంట్లో కూర్చుంది. బంటు ముందుకు పోతే వెనక్కి రాలేదు కనుక, తిరిగిరాని ప్రయాణాలకు అనుమతి ఇవ్వరాదని ఆర్థిక సలహాదారు రాస్తే, బంట్లూ ఆగాయి. వెళ్లి వెనక్కి రాగలిగినది, ఎవరి మీదుగానైనా దూకి ఇంట్లోంచి బయటపడగలిగినది గుర్రం ఒక్కటే. కనుక పలక గుర్రాన్ని బయటికి తీసింది. తర్వాత గుర్రాన్ని లోపలికి పెట్టింది. ఎదురుగా ఉన్న పలకా అదే చేసింది. బయటికి, లోపలికి. మళ్లీ బయటికి, మళ్లీ లోపలికి. ఒకే స్థితి మూడుసార్లు వచ్చింది కనుక నియమం ప్రకారం ఆట సమానం. వేల ఆటలు ఆడించారు. అన్నీ సమానం.

ఓటముల గడిలో సున్నా పడింది. కనకవల్లి గారు ఆ సున్నాను చాలాసేపు చూసి, మొట్టమొదటిసారి ఆకుపచ్చ సిరా వాడారు. మండలిలో మిఠాయిలు పంచారు. పురుహూతరావు గారు పత్రికలవారిని పిలిచి, "ఓటమి రహిత చదరంగాన్ని సాధించిన తొలి ప్రభుత్వ సంస్థ మనది," అన్నారు. "ఇది ప్రగతి కాదు, సుస్థిర ప్రగతి. యంత్రం కదులుతూనే ఉంటుంది, ఉన్నచోటే ఉంటుంది." ఈ పద్ధతి నేర్చుకోవడానికి ఇతర శాఖలనుంచి బృందాలు వచ్చాయి. పరీక్షల శాఖవారు ఎక్కువ ఆసక్తి చూపారు. పరీక్ష పెట్టకపోతే తప్పేవాడే ఉండడన్న సంగతి తమకు ఇన్నాళ్లూ తట్టనందుకు విచారిస్తూ వెళ్లారు.

పోలండు ఆయన మాత్రం ఇంకా మార్పులు పంపుతూనే ఉన్నాడు. మండలి ఆయనకు జాబు రాసింది. మార్పు పంపేవారు తహసీల్దారు సంతకంతో నివాస ధ్రువీకరణ జతచేయాలి. ఆయన జవాబిచ్చాడు. మా ఊళ్లో తహసీల్దారు లేడు, స్టేషన్ మాస్టరు సంతకం సరిపోతుందా అని. ఫైలు న్యాయసలహాకు వెళ్లింది. కొన్నాళ్లకు ఆయన పంపడం మానేశాడు. ఢాకా నర్సమ్మ కూడా మానేసింది.

వాళ్లు ఎక్కడికి పోయారో కేశవులుకు తెలుసు. నెట్‌లో చూశాడు. ఖాజావలి తన కొట్లో ఉన్న పాత పలకను, ఎవరూ సస్పెండు చెయ్యనిదాన్ని, మళ్లీ ముందుకు పెట్టాడు. అందరూ అక్కడ చేరారు. మూడు గదుల కంప్యూటర్లు లేవు. ఎవరి ఇంట్లో వాళ్ల కంప్యూటరు ఖాళీగా ఉన్నప్పుడు తలా కాసిని ఆటలు ఆడించి ఫలితాలు కలుపుకుంటున్నారు. అక్కడి పట్టికలో ఓటముల గడి నిండుగా ఉంది. కేశవులు రోజూ ఆఫీసుకు రాగానే దాన్ని చూసేవాడు, పక్కింటి పొయ్యి మీద ఏం వండుతున్నారో వాసన పట్టినట్టు. ఒక్క మాటా రాయలేదు.

మండలికీ తెలిసింది. పురుహూతరావు గారు పోలీసు కేసు పెట్టాలన్నారు.

"కుదరదండి," అన్నాడు కేశవులు. "అది ఎవరైనా తీసుకోవచ్చు. మొదటినుంచీ అంతే."

"ప్రభుత్వ యంత్రాన్ని ఎవరైనా ఎలా తీసుకుంటారు?"

"స్వేచ్ఛా అని బోర్డు మీద మనమే రాసుకున్నాం గదండి."

"బోర్డు మీద రాసుకున్నవన్నీ చేస్తామా కేశవులు గారూ?" అన్నారు పురుహూతరావు గారు. ఆయన గొంతులో నిజమైన ఆశ్చర్యం ఉంది.

వార్షికోత్సవం వచ్చింది. ఆ పూట కూడా మబ్బు పట్టింది. మైదానంలో షామియానా వేశారు, ఒక పక్క భోజనాలకు బల్లలు, ఒక పక్క స్టేజీ. పలకతో తలపడడానికి ఎవరైనా రావచ్చని పత్రికల్లో వేశారు. వచ్చింది ఒక్కడే. ఎరువుల సంచిలో పాత లాప్‌టాప్ చుట్టుకుని, బస్సులో నిలబడి వచ్చినట్టు చొక్కా నలిగి, ఖాజావలి స్టేజీ ఎక్కాడు. కేశవులు ఎదురుగా కూర్చున్నాడు. తన ముందు మండలి కంప్యూటరు. ఇద్దరి మధ్యా చెక్క బోర్డు. యంత్రం చెప్పిన ఎత్తును మనిషి చేత్తో జరపాలి. వెనక పెద్ద తెర మీద జనానికి కనిపిస్తుంది.

"బాగుండావా వలీ," అన్నాడు కేశవులు, పెదవులు కదిపీ కదపనట్టు.

"బాగుండా. నీ పావులు చూస్కో," అన్నాడు ఖాజావలి.

పలక గుర్రాన్ని బయటికి తీసింది. జనం చప్పట్లు కొట్టారు. లోపలికి పెట్టింది. మళ్లీ కొట్టారు. ముందు వరసలో త్రివిక్రమరావు గారు నిల్వ లెక్కపెట్టుకుంటున్నారు. ప్రతి ఎత్తుకూ మండలి పలక తెర మీద ఒక మాట చూపింది. సమానంగా విరమిద్దామా?

"వద్దులే సార్, ఇప్పుడే గదా వచ్చింది," అన్నాడు ఖాజావలి ప్రతిసారీ.

అతని పలక గుర్రాలు తీసింది, శకటాలు తీసింది, బంట్లతో నేల ఆక్రమించుకుంటూ వచ్చింది. ఏ తొందరా లేదు. పొలంలోకి దిగి ముందు గట్లు సరిచేసుకునే మనిషిలా చేసుకుపోతోంది. గుర్రాల నడకలో పోలండు ఆయన చెయ్యి ఉంది. కేశవులు గుర్తుపట్టాడు. ఇంకా ఏవేవో కొత్త చేతులు ఉన్నాయి, అవి అతనికి తెలియవు. తాను లేని ఏడాదిలో పెరిగిన పిల్లవాణ్ని చూసినట్టుంది.

అప్పుడు ఖాజావలి ఏనుగును ఎత్తి, తీసుకొచ్చి, మండలి రాజు ముందు పెట్టాడు.

ముందు వరస లేచి నిలబడింది. "ఇచ్చేశారు," అన్నారు త్రివిక్రమరావు గారు సంతోషం ఆపుకోలేక. "పంచనామా లేకుండా ఇచ్చేశారు. తరుగు వాళ్లది."

మండలి పలక ఆ ఏనుగును తీసుకుంది. నిల్వ పెరగడానికి అభ్యంతరం లేదని రూలు. బ్యాండుమేళం మోగింది. ఎవరో పూలు చల్లారు. ఖాజావలి గుర్రం ఒకటి ఇచ్చాడు. పలక అదీ తీసుకుంది. మళ్లీ మేళం. పురుహూతరావు గారు మైకు అందుకుని, మన యంత్రం ఎదుటివారి ఆస్తులను శాంతియుతంగా స్వాధీనం చేసుకుంటోందని ప్రకటించారు. అంత సంబరంలో ఇద్దరే బోర్డు మీదే కళ్లు పెట్టి కూర్చున్నారు. ఒకడు గెలుస్తున్నవాడు, ఒకడు ఓడుతున్నవాడు. చిన్నప్పుడు గని ఒడ్డున, గులకరాళ్లతో, ఇదే ఏనుగును ఇదే చోట ఖాజావలి తన ముందు పెట్టిన రోజు కేశవులుకు గుర్తొచ్చింది. అప్పుడు తాను కూడా ఆశగా తీసుకున్నాడు.

కనకవల్లి గారికి అనుమానం తగిలింది. ఆవిడ లెక్క ఎప్పుడూ చివరి గడిని చూసి మొదలవుతుంది. డైరెక్టరు గారి చెవిలో ఏదో అన్నారు. ఆయన మొహంలో రంగు మారింది. స్టేజీ పక్కకు వచ్చి కేశవులు వెనక వంగారు.

"ఏమవుతోంది?"

"ఇంకొక్క ఎత్తండి. మన రాజు పట్టుబడతాడు."

"నిల్వలో మనమే ఎక్కువ కదా?"

"ఎక్కువేనండి. అన్నీ ఇంట్లోనే ఉన్నాయి. రాజు కదలడానికే చోటు లేదు."

"మీ కాలి దగ్గర ప్లగ్గు ఉంది. పీకండి. ఆట ముగియకపోతే ఓడినట్టు కాదు. సాంకేతిక అంతరాయం అని నేను చెప్పుకుంటాను."

కేశవులు కిందికి చూశాడు. ప్లగ్గు అక్కడే ఉంది, చెప్పు ఆనేంత దగ్గరలో. పైకి చూశాడు. ఖాజావలి ఆ మాటలు విన్నాడో లేదో తెలియదు. చెయ్యి మంత్రి మీద పెట్టి ఆగాడు. గడియారం వైపు చూడలేదు. అతను చూసింది కేశవులు కాలి వైపు. చూసి, తొందరేం లేదన్నట్టు కూర్చున్నాడు.

కేశవులు కాళ్లు రెండూ కుర్చీ కిందికి ముడుచుకున్నాడు.

"ఆడు వలీ," అన్నాడు.

మంత్రి వచ్చి రాజు పక్కన కూర్చుంది. కేశవులు కాసేపు బోర్డును చూశాడు. తర్వాత తన రాజును రెండు వేళ్లతో పట్టుకుని, పడుకున్న మనిషిని సర్దినట్టు, పక్కకు వాల్చాడు. మైకు దగ్గరికి జరిగి, "పలక ఓడిందండి," అన్నాడు. అతని గొంతు తెర వెనకదాకా వినిపించడం ఆ మండలిలో అదే మొదలు.

మేళంవాళ్లు ఆగాలో వాయించాలో తెలియక డైరెక్టరు గారి వైపు చూశారు. ఆయన ఒక క్షణం కళ్లు మూసుకున్నారు. తెరిచేసరికి మొహం వెలిగింది. మైకు లాక్కున్నారు.

"మహాజనులారా, ఓడింది ఎవరు? మన పలక. గెలిచింది ఎవరు? శ్రీ ఖాజావలి గారి యంత్రం. ఆ యంత్రం ఎక్కడిది? మన పలకకు నకలు. అంటే గెలిచింది కూడా మన పలకే. ప్రభుత్వ యంత్రాన్ని ఓడించగల శక్తి ప్రభుత్వ యంత్రానికి మాత్రమే ఉన్నదని ఈనాడు రుజువైంది."

మేళం మోగింది. కనకవల్లి గారు అక్కడికక్కడే లెక్క వేసి, ఒక గెలుపు, ఒక ఓటమి, నికరం సున్నా, అభ్యంతరం లేదన్నారు. ఓటమికి బాధ్యుడు మాత్రం దొరికాడు కనుక వదలడానికి వీల్లేదు. బహిరంగంగా ఓటమిని ప్రకటించినందుకు చెన్నకేశవులును తక్షణం సస్పెండు చేస్తూ, మరుక్షణం నుంచి గెలిచిన యంత్రాన్ని మండలి స్వాధీనం చేసుకుంటున్నట్టు పురుహూతరావు గారు ప్రకటించారు. రేపటినుంచి దానికి కూడా ఓటమి రహిత విధానం వర్తిస్తుంది. శ్రీ ఖాజావలి గారికి అభ్యంతరం లేదని భావిస్తున్నాం.

ఖాజావలి లాప్‌టాప్‌ను సంచిలో చుట్టుకుంటూ తలెత్తాడు. "తీసుకోండి సార్. ఎవరైనా తీసుకోవచ్చు," అన్నాడు.

"మీ సహకారానికి కృతజ్ఞతలు. ఇక మీ దగ్గర ఏమీ మిగలదు గదా?"

"మీరు తీసుకున్నాక కూడా నా దగ్గర ఉంటది సార్. పోలండులో ఉంటది. ఢాకాలో ఉంటది. ఎవరు తీసుకున్నా ఉంటది, అదే దాంతో చిక్కు."

డైరెక్టరు గారికి ఆ మాట అర్థం కాలేదు. అర్థం కానివాటిని ఆయన సాధారణంగా అభినందిస్తారు. శాలువా కప్పారు.

భోజనాలకు పిలిచారు. పెద్దలకు స్టేజీ వెనక వేరే వడ్డన. మిగతావాళ్లు బల్లల దగ్గర. చివరి బల్ల చివర రెండు కుర్చీలు ఖాళీగా ఉంటే, కేశవులు ఒకదానిలో కూర్చున్నాడు. కాసేపటికి ఖాజావలి వచ్చి, శాలువాను మడిచి కుర్చీ మీద వేసి, దాని మీద కూర్చున్నాడు. ఆకులు వేశారు. పులిహోర వచ్చింది, వంకాయ కూర వచ్చింది, అన్నం, పప్పుచారు. ఆకుకు ఒకటే గారె.

షామియానా గుడ్డ మీద టపటపమని చప్పుడు మొదలైంది. వడ్డించేవాళ్లు పైకి చూశారు. వీళ్లిద్దరూ చూడలేదు. కేశవులు అన్నంలో గుంట చేశాడు, పప్పుచారు పోయించుకున్నాడు. ఏడాదిగా ఏవేవో అడగాలని దాచుకున్నవి గొంతు దాకా వచ్చి, అన్నం ముద్దకు దారిచ్చి తప్పుకున్నాయి. ఖాజావలి వంచిన తల ఎత్తకుండా తింటున్నాడు.

సగం తిన్నాక ఖాజావలి తన ఆకులోని గారెను ఎత్తాడు. తీసుకొచ్చి కేశవులు ఆకులో, సరిగ్గా అతని చేతి ముందు, పెట్టాడు.

కేశవులు దాన్ని చూశాడు. కొంచెం ఆలోచించాడు. తర్వాత తీసుకున్నాడు.